శ్రీమతి దశరథ వందన సమర్పణ

"కాలర్ కాడ జర గట్టిగ రుద్దు" అన్నాడు మా ఆయన దశరథ. అతని చొక్కా ఇస్త్రీ చేస్తుంటే టేబుల్ మీద ఆహ్వానపత్రం కనిపించింది. సూర్యాపేటలో సైన్సు లెక్చరర్ల సభ, ఆగస్టు 1996. ప్రసంగం: దశరథ. వందన సమర్పణ: శ్రీమతి దశరథ. కోదాడ కాలేజీలో ఇద్దరమూ ఒకే సబ్జెక్టు చెబుతాం. నాకూ ఓ పేరుంది. హైదరాబాదు స్నేహితురాలు పంపిన పరిశోధన వ్యాసాన్ని పప్పు ఉడికేలోపు కాస్త కాస్త చదివి, ఆ ప్రసంగం రాసింది నేను. చార్టులు గీసింది నేను. "నువ్వు రాస్తే ఏంది, నేను చదివితే ఏంది? మనం మనం ఒకటే గద" అన్నాడు. "మొగనికి పేరొస్తే నీకు రానట్టా?" అంది అత్త సత్తమ్మ.

బస్సులో చార్టులు నలగకుండా ఒళ్లో పెట్టుకున్నదీ నేనే. ప్రసంగంలో విషయం ఇది: ల్యాబులో తయారుచేసిన చిన్న డీఎన్ఏ ముక్కలో సి అనే అక్షరం పక్కన జి అనే అక్షరం బోసిగా ఉంటే చాలు, బాక్టీరియా వచ్చిందనుకుని ఒంట్లోని కాపలా కణాలు లేచి కూర్చుంటాయి. అవే అక్షరాలు మన డీఎన్ఏలోనూ ఉన్నాయి. కాకపోతే చాలావాటి మీద చిన్న రసాయనపు మూత ఉంటుంది. అది చూసి, మనదేలే అని ఒళ్లు ఊరుకుంటుంది. ఆ పేజీ దశరథకు నచ్చలేదు. "గా మూత సంగతి ఎందుకు, పొడుగైతది" అని తీసేశాడు. బయటివాడెవడైనా నా పని ఎత్తుకుపోతే రచ్చ రచ్చ చేసేదాన్ని. "మనం మనం" అని మూత పెడితే మాత్రం ఇన్నేళ్లు నోరెత్తలేదు. అతని మీద ఎంత కోపమొచ్చిందో నా మీద నాకూ అంత కోపమొచ్చింది.

సభలో బాగానే చదివాడు. చప్పట్లు కొట్టారు. మిర్యాలగూడ లెక్చరర్ కాశీరాం లేచి, "మన డీఎన్ఏల గూడ సి, జి ఉంటయి కద సార్, మరి దానికి కాపలా కణాలు ఎందుకు లేస్తలేవు?" అని అడిగాడు.

దశరథ నా వైపు చూశాడు. ఇలాంటప్పుడు జవాబు చీటీ మీద రాసి, మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి అందించడం నాకు అలవాటు. నేను కదల్లేదు.

"టైం అయింది, తర్వాత మాట్లాడుకుందం" అన్నాడు.

"ఇప్పుడు శ్రీమతి దశరథ గారు వందన సమర్పణ చేస్తరు" అన్నారు అధ్యక్షులు. నేను మైకు అందుకున్నాను.

"నా పేరు సుగుణ. ఈ ప్రసంగం రాసింది నేను. థ్యాంక్స్ తర్వాత చెప్త. ముందు కాశీరాం సార్ అడిగినదానికి జవాబు చెప్త."