మంచం దొరకని జబ్బు

కండెలు చుడుతూ చుడుతూ రాట్నం మీదికే ఒరిగిపోయాను ఆ పూట. కళ్ళు తెరిచేసరికి మా అత్త అంబమ్మ అంటున్న మాట ఇది: "దారం తెగిపాయ సూడు." నేను పడిపోవడం కాదు, దారం తెగడం కనిపించింది ఆమెకు. ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. మగ్గం గుంటలో కూర్చుని నేసేది మా ఆయన నాగప్ప, నేతగాడన్న పేరూ ఆయనదే. పడుగు దారాలకు గంజి పట్టడం, ఆయన చెయ్యి ఆగకుండా కండెలు అందించడం నా వంతు. ఎవరన్నా అడిగితే మాత్రం "మా ఆడది ఇంట్లో ఊరికే ఉంటాది" అనేవాడు. ఒళ్ళు మండిపోయేది నాకు.

మా ఇంట్లో జబ్బుకొక కొలత ఉండేది. ఆదోని ఆస్పత్రిలో చేర్చుకుంటే అది జబ్బు, మాత్రలిచ్చి పంపేస్తే నాటకం. "మంచమిచ్చినారా? ఇయ్యలేదా? అయితే లేసి కండెలు సుట్టు" అనేది అత్త. మా వీధి ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ అదే మాట. అందుకే నడుం నొప్పికి కూడా బస్సెక్కి పోయి, ప్రాణాల మీదికొచ్చిన వాళ్ళను చూసే గది ముందు మూలుగుతూ కూలబడేవాళ్ళం.

ఆ మంచం సుఖం నాకు తెలుసు. డెబ్బై ఆరులో విషజ్వరమొచ్చి అక్కడ పడుకున్నాను. పెళ్ళయ్యాక పగటిపూట నడుం వాల్చడం అదే మొదలు. ఆ ఊరి పత్తి మిల్లుల దూదిపింజలు కిటికీలోంచి ఎగిరొచ్చి దుప్పటి మీద వాలేవి. దులిపే పని నాది కాదు! పక్క మంచం మీది కూతురికి తోడుగా వచ్చిన మహమూదా బీ, "ఇట్ల రా బేటీ" అని నా తల చిక్కు తీసి జడ వేసింది. మా అమ్మ పోయాక నా తల మీద ఇంకొకరి చెయ్యి పడింది అప్పుడే. ఏడ్చేశాను. ఈనాటికీ ఆ వార్డు తలుచుకుంటే పుట్టిల్లు తలుచుకున్నట్టే ఉంటుంది నాకు.

అందుకే రాట్నం మీద పడిన మర్నాడు ఎంతో ఆశగా బస్సెక్కాను. మా ఆయన గొణుక్కుంటూ వెంట వచ్చాడు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నా కళ్ళు, నాలుక చూసింది. "రక్తం తక్కువుంది, బాగా అలిసిపోయావు. మందులిస్తాను. చేర్చుకోనక్కర్లేదు, ఇంట్లోనే వారం పడుకో" అంది.

"ఇంట్లో పండుకునేకి కాదమ్మా. మీరు సేర్సుకుంటేనే నాకు పండుకునేకి అయ్యేది" అని ఆమె చేతులు పట్టుకున్నాను.

ఆమె నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "సరే, ఒక్క మంచం ఖాళీ ఉంది" అంది. నా సంతోషం చెప్పలేను.

ఆమె చీటీ రాస్తుండగానే జమీలా అనే పిల్లను మోసుకొచ్చారు. పత్తి మిల్లులో దూది ఏరేదట. ఊపిరందక పెదవులు నల్లబడి ఉన్నాయి. తండ్రి పీరా సాబ్ "మంచముందా అమ్మా, మంచం?" అని కనిపించిన వాళ్ళనల్లా అడుగుతున్నాడు. డాక్టరమ్మ కలం ఆగిపోయింది.

"ఆ పాపకే ఇయ్యండమ్మా" అని లేచాను. బయటికొచ్చి ఏడ్చాను, కొంత ఆ పిల్ల కోసం, కొంత నా కోసం. ఆ పిల్ల బతికిందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం తిరుగు బస్సులో ఉడికిపోయాను. నా ఇంట్లో నేను పడుకోవడానికి, ఊపిరాడని పిల్ల మంచానికి పోటీ పోవాలా? పక్కన మా ఆయన హుషారుగా ఉన్నాడు. "సూస్తివా, నీకేం రోగం లేదు. రేపటికి మగ్గం మీది సీర దించల్ల" అన్నాడు.

ఇంటికి రాగానే గోడకు నిలబెట్టిన నులక మంచాన్ని మగ్గం పక్కనే వాల్చుకున్నాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా, కాళ్ళు చాపుకుని పడుకున్నాను.

అత్త వచ్చి నెత్తిన నిలబడింది. "ఏమే, ఆదోనిలో సేర్సుకోలేదంట గదా?"

"లేదత్తా. అందుకే ఈడ సేరినాను. ఎప్పుడు పంపేది నేనే సెప్తాను."