గాలి చొరబడని ఇల్లు

ఊపిరి మిషన్ మాస్కు కడగడమంటే గిన్నె కడిగినట్టు కాదు. దాని అంచు మెత్తన, గోరు తగిలితే చిరుగుతుంది. చిరిగితే గాలి పక్కకి పోతుంది కానీ రాదిసావ్ ఛాతీలోకి వెళ్ళదు. అందుకే అతను పాలలో రొట్టె నానబెట్టుకుని తినే ఆ కాసేపట్లోనే పెళ్ళాం దోబ్రిలా దాన్ని గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళ కొసలతో కడిగి, తుడిచి, మళ్ళీ అతని ముఖానికి కడుతుంది. "ఏమే, పీక పిసుకుతున్నావా?" అంటాడు. పట్టీ వదులు చేస్తే, "గాలి కళ్ళల్లోకి కొడుతోంది. నీకు ఒక్క పనీ చేతకాదు" అంటాడు. బొగ్గు గని అతని ఊపిరితిత్తుల్ని తినేసింది, నోటిని మాత్రం వదిలిపెట్టింది.

"ఆయన లోపలి చెడుగాలి బయటికి రావట్లేదమ్మా. ఈ మిషన్ ఆయన ఊపిరికి సాయపడుతుంది. తీసేస్తే మత్తు కమ్ముతుంది, దాన్ని నిద్ర అనుకోవద్దు" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆస్పత్రిలో మంచం కూడా ఇస్తానంది. అత్తగారు జివానా ఒప్పుకోలేదు. "పెళ్ళాం బతికుండగా మొగుడికి ఆస్పత్రి మంచమా? ఊరు నా ముఖాన ఉమ్మదూ?" దోబ్రిలాని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో ఆమెకీ తెలియదు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతూ కూడా ఇంట్లో మిషన్ లయకే ఊపిరి పీలుస్తుంది. "రోజూ ఆలస్యమేనా? కొత్త పెళ్ళికూతురివా?" అని సూపర్‌వైజర్ అంటే బల్లల దగ్గర అందరూ నవ్వుతారు. నవ్వనీ. ఆమెకి ఏడవడానికి తీరిక లేదు.

ఆ ఊళ్ళో మెడ పట్టేసినా, పన్ను పోటెత్తినా, కడుపు నిలవకపోయినా నేరం ప్రొమాయదే. కిటికీకీ తలుపుకీ మధ్య దూసుకొచ్చే గాలిని వాళ్ళు అలా పిలుస్తారు, పాముకన్నా ఎక్కువగా దానికి భయపడతారు. ఆ రోజు దోబ్రిలా పులుసు వాసన పోవాలని వంటింటి కిటికీ కాస్త తెరిచి పనికి వెళ్ళింది. మధ్యాహ్నం వచ్చేసరికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, తలుపు కింద తువ్వాలు కుక్కి ఉంది. మిషన్ చప్పుడు లేదు.

"ష్! ఎన్నాళ్ళకో హాయిగా పడుకున్నాడు బిడ్డ" అంది జివానా గుసగుసగా. "ఆ మాయదారి మిషన్ నేనే తీసేశా. పగలనకా రాత్రనకా ఛాతీలోకి ప్రొమాయ కొడితే మనిషన్నవాడు బతుకుతాడా? పైగా నువ్వు కిటికీ తెరిచి పోయావు!"

రాదిసావ్ పెదవులు నీలంగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు, కుదిపితే కళ్ళు తెరవలేదు. దోబ్రిలా మాస్కు అందుకుంది. అతని ముఖం దాకా తెచ్చింది. అక్కడ ఆమె చేతులు ఆగిపోయాయి. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో! ఎవరూ పిలవడం లేదు, ఎవరూ తిట్టడం లేదు. తప్పు తనది కాదు, కన్నతల్లే తీసేసింది. ఊరికే నిలబడితే చాలు. ఆ ఆలోచన ఆమెకి చల్లటి మంచినీళ్ళలా దిగింది. అలా దిగినందుకే భయపడి, పట్టీలు బిగించి, మిషన్ ఆన్ చేసి, అంబులెన్సుకి ఫోన్ చేసింది.

చాలాసేపటికి అతను కళ్ళు తెరిచాడు. మాస్కులోంచే గొణిగాడు: "కిటికీ తెరిచావటగా... చంపేద్దామనా?"

"చూశావా, వాడికీ తెలిసింది!" అంది జివానా. అంతలో వీధిలో అంబులెన్సు మోత వినబడి ఆమె ముఖం మాడిపోయింది. "ఆస్పత్రికా? వద్దు! మొగుణ్ణి చూసుకోలేకపోయావని జనం అనుకోరూ?"

దోబ్రిలా అతని దుప్పటి సరిచేసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"అనుకోనీండి అత్తమ్మా. ఇందాక మాస్కు పెట్టబోయి నా చేతులు ఆగాయి. రేపు మళ్ళీ ఆగితే, కదులుతాయని నాకు నమ్మకం లేదు."