వానకు పెరిగిన తాను

సిరిసిల్లలో అబద్ధం చెప్పడం కష్టం. మరమగ్గాల చప్పుడుకు మొదటిసారి ఎవరికీ వినపడదు కాబట్టి, ఏ అబద్ధమైనా రెండోసారి గొంతు చించుకుని చెప్పాల్సి వస్తుంది. ఆ రెండోసారికి మామూలు మనుషులకు నవ్వు ఆగదు. సాయిచంద్‌కు ఆగుతుంది. కొండగట్టు కోతులకు గుర్తింపు కార్డులు ఇస్తున్నారనీ, వాటిని కదలకుండా కూర్చోబెట్టడానికి మనుషులు కావాలనీ చెప్పి, వాడకట్టులో ఐదుగురి చేత దరఖాస్తులు రాయించిన ఘనత అతనిది. అందులో ఒకాయన అనుభవం అనే చోట 'ఇద్దరు మనవలు' అని రాశాడు.

అలాంటివాడు ఈ వానాకాలం తన సొంత అక్క మీద జోకు వేశాడు.

అక్క మమతారాణి పగలు బట్టలు కుడుతుంది. ఆదివారాలు బస్సులెక్కి, ఎవరూ పోని గుట్టలకూ వాగులకూ పోయి ఫోటోలు తీస్తుంది. వాటిని 'చూడని తావులు' అనే తన పేజీలో పెడుతుంది. ఆమెకు ఒకటే నియమం. తాను కాలుపెట్టని చోటు ఫోటో పెట్టదు. అందుకే జనానికి ఆమె మాటంటే గురి. 'ఇక్కడి రాళ్లు జారుతాయి, జాగ్రత్త' అని ఆమె రాస్తే, చదివినవాళ్లు తమ ఇంటి మెట్లు కూడా గోడ పట్టుకుని దిగేవాళ్లు.

సాయిచంద్‌కు ఒక దోస్తు ఉన్నాడు, జియావుల్లా. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. ఇద్దరూ కలిసి ఊరి బయట పాడుబడిన గ్రానైటు క్వారీ అంచు నుంచి తెల్లటి పాలిస్టర్ బట్ట తాను ఒకటి కిందికి వదిలారు. పైనుంచి సాయిచంద్ బట్టను ఊపాడు. కింద జియావుల్లా తన నానమ్మ మహబూబ్‌బీ లోబాన్ గిన్నె తెచ్చి, నీటి తుంపరల్లా కనిపించాలని సాంబ్రాణి పొగ వేశాడు. కెమెరా కన్ను కాసేపు తెరిచి ఉంచి ఫోటో తీశాడు. నీళ్లను బట్టలాగా చూపించే ఫోటోగ్రాఫర్లు ప్రపంచంలో లక్షమంది ఉన్నారు. బట్టను నీళ్లలాగా చూపించినవాళ్లు ఆ రోజుకు వీళ్లిద్దరే.

'అక్కా, తిర్యాణి గుట్టల్ల దొరికింది. కాలు జారి సచ్చిపోతుంటి' అని రాసి, సాయిచంద్ ఆ ఫోటో అక్కకు పంపాడు. సాయంత్రం ఇంటికెళ్లి అసలు సంగతి చెప్పి నవ్వుదామనుకున్నాడు. కానీ సాయంత్రానికి ఆ ఫోటో 'పాలధార' అనే పేరుతో పేజీలోకి ఎక్కి, తెలంగాణలో ఫోను ఉన్నవాళ్లందరికీ, లేనివాళ్లలో కొందరికీ చేరిపోయింది.

"తమ్మీ, బస్సు మాట్లాడిన" అంది మమతారాణి, అతను చెప్పులు విప్పకముందే.

"ఏం బస్సు?"

"ఐతారం పొద్దుగాల. మన వాడకట్టు ఆడోళ్లందరం నీ జలపాతం కాడికి పోతున్నం. ముప్పై మంది అయిండ్రు."

వాళ్లమ్మ బాలలక్ష్మి బీడీల చాట పక్కకు పెట్టి లేచింది. "కొండగట్టు తప్ప ఇంకో గుట్ట ఎరుగ బిడ్డా నేను. కొత్త చీర గట్టుకోవాల్నా, పాతదా? తడుస్తదేమో?"

"తడువదవ్వా" అన్నాడు సాయిచంద్. ఆ ఏడాది అప్పటిదాకా అతను చెప్పిన నిజం అదొక్కటే.

మిగతా నిజం కూడా చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో అక్క అంది: "నేను చూడని తావు పెట్టుడు గిదే మొదలు తమ్మీ. నువ్వు చూసినవ్ గదా అని పెట్టిన. గీ ముప్పై మంది ఆడికి పోయి ఉత్త చేతుల్తోని వస్తే, ఇగ నా మాట ఎవలు నమ్ముతరు? పేజీ మూసుకునుడే."

తెరిచిన నోట్లోకి సాయిచంద్ ఒక అరటిపండు పెట్టుకున్నాడు.

"జియా, మనకొక జలపాతం కావాలె" అన్నాడు మరునాడు.

జియావుల్లా కొంచెం ఆలోచించాడు. "ఫికర్ ఎందుకుర? గా తానునే పట్కపోయి ఆడ కడ్దాం."

"వచ్చేటోళ్లందరు మగ్గాల ఇండ్లోళ్లురా. బస్సు దిగకముందే దాని పన్నా ఎన్ని అంగుళాలో చెప్తరు."

శుక్రవారం ఇద్దరూ జియావుల్లా బండి మీద బయలుదేరారు. ఆ బండి ఎంత పాతదంటే, ఎదురొచ్చే లారీలు పెద్దరికానికి మర్యాదిచ్చి పక్కకు తప్పుకునేవి. నస్పూర్ బొగ్గు లారీల వెనక నల్లగా మారి, మంచిర్యాల దాటాక వాన తగిలి మళ్లీ తమ రంగుకు వచ్చి, తిర్యాణి దిక్కు టేకు అడవిలో పడ్డారు. ఫోటో చూపించి అడిగిన ప్రతిచోటా జనం ఎంతో సాయం చేశారు. తూర్పున అడిగితే పడమరన్నారు, పడమర పోతే తూర్పన్నారు. ఒకాయనైతే ఫోటోను తెగ మెచ్చుకుని, ఇది సిరిసిల్ల దిక్కు ఎక్కడో ఉందని చెప్పాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం కాబట్టి సాయిచంద్‌కు చాలా కోపం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం పత్తి చేను గట్టు మీద కూలబడ్డారు. దూరంగా ఒక గుట్ట మీద, పచ్చటి చెట్ల మధ్య సన్నగా, తెల్లగా ఏదో వేలాడుతోంది.

"అరే, గదేంది?" అన్నాడు జియావుల్లా.

సాయిచంద్ ఒక్కసారి తలెత్తి చూసి దించేశాడు. మూడు తరాలుగా బట్ట నేసిన ఇంటి పిల్లవాడు. బట్ట విషయంలో అతనికి రెండోసారి చూడాల్సిన పని లేదు.

"ఎవలో తాను ఆరేసుకున్నరు. పాలిస్టర్. నూలైతే గంత మెరువది."

"అడవిల తాను ఎవడు ఆరేస్తడుర?"

"మనం క్వారీల ఆరెయ్యలేదా? పిచ్చోళ్లు మనమొక్కలమేనా?"

ఇద్దరూ బండెక్కి ఆ గుట్టకు వీపు చూపించి, జలపాతం వెతకడానికి అవతలి దిక్కుకు పోయారు.

ఒక పల్లె చివరికి చేరేసరికి వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. చెరువులు ఆకాశానికి అప్పజెప్పినవన్నీ ఒకేసారి వెనక్కి వస్తున్నట్టు కొట్టింది. గంగుబాయి అనే మేకలామె వాళ్లను తన చూరు కిందికి పిలిచి, చాయ్ పోసింది. సాయిచంద్ చాయ్ తాగుతూ గుట్ట వైపు చూశాడు. ప్రాణం ఉసూరుమంది. ఎవరి కష్టమో అలా తడిసిపోతుంటే మగ్గాల ఇంటివాడు చూస్తూ ఊరుకోలేడు.

"అమ్మా, గా గుట్ట మీద మీవోళ్ల తాను తడుస్తుంది. జర ఎవలనన్న పంపి తీపియ్యుండ్రి."

"ఏం తాను?"

"గదో, తెల్లది."

గంగుబాయి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. జ్వరమేమో అన్నట్టు జియావుల్లా వైపు కూడా చూసింది. "పోరగా, నువ్వు తీసుకురాపో. ఎంత తెస్తవో నేను గుడ చూస్త."

సాయిచంద్ మళ్లీ గుట్ట వైపు చూశాడు. తడిసిన బట్ట కుంచించుకుపోవాలి. ఇది వెడల్పవుతోంది. ఇందాక చీర పన్నా ఉన్నది ఇప్పుడు దుప్పటంత అయింది. చూస్తుండగానే రెండు దుప్పట్లయింది. పాలిస్టర్ చరిత్రలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

"జియా" అన్నాడు మెల్లగా. "గది తాను కాదు."

"నేను గదే అంటిని గదర!"

"నకో నకో, ఇప్పుడే ఉరకకుండ్రి" అంది గంగుబాయి. "వాన తగ్గనియ్యుండ్రి, నేనే తోల్కపోత. మా మేకలు రోజు ఆడ్నే తాగుతయి."

వాన తగ్గాక ఆమె వెనక పోయారు. చివరి మలుపులో టేకుచెట్లు పక్కకు జరిగినట్టయి, ఎదురుగా నీళ్లు. పైన ఒకటిగా బయలుదేరి, నడుమ నల్లటి బండకు తగిలి రెండుగా చీలి, కింద మళ్లీ ఒకటై మడుగులో పడుతున్నాయి. ఆ చప్పుడు ముందు సిరిసిల్ల మగ్గాలన్నీ కలిసినా గుసగుసే. సాయిచంద్ ఏదో అన్నాడు, జియావుల్లాకు వినపడలేదు. రెండోసారి అరిచి చెప్పాడు. రెండుసార్లూ నిజమే చెప్పాడు: "శానా మంచిగున్నది!"

సిగ్నల్ కోసం గుట్ట నెత్తికెక్కి అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, జలపాతం దొరికింది!"

"దొరుకుడేంది తమ్మీ? మధ్యల ఎటన్న పోయిందా?"

ఇక దాచడానికేం మిగల్లేదు. క్వారీ, తాను, లోబాన్ పొగ, అన్నీ చెప్పాడు.

"బస్సు పొద్దుగాల ఎల్తది" అందామె. "నువ్వు ఆడ్నే ఉండు. కదలకు. గది మళ్ల ఎటన్న పోతదేమో, కావలుండు."

ఆదివారం బస్సు దిగి, చెప్పులు చేతబట్టుకుని, వాడకట్టు ఆడవాళ్లు ముప్పైమందీ బురద దారిలో నడిచి వచ్చారు. మమతారాణి అందరికంటే ముందుంది. తమ్ముడి వైపు చూడలేదు. తిన్నగా మడుగులో దిగి, మోకాళ్ల లోతులో నిలబడి, తలెత్తి పైదాకా చూసింది. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"పెట్టొచ్చు" అంది. ఆ తర్వాత వెనక్కి వచ్చి, తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ చప్పుడుకు అవతలి ఒడ్డున కొంగలు లేచాయి.

అప్పటికి బాలలక్ష్మి కొత్త చీరతోనే ధార కిందికి పోయింది. చేయి చాపి, నీళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, అంగట్లో బట్ట నాణ్యం చూసినట్టు నలిపింది. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అరిచింది: "అసలుదే! రాండ్రి!"

ఇక ఎవరూ ఆగలేదు. పదేళ్లుగా నడుం నొప్పి ఉందన్నావిడ బండ మీదినుంచి మడుగులోకి దూకింది. గంగుబాయి మేకలు గట్టు మీద వరసగా నిలబడి, టికెట్టు లేకుండా మొత్తం చూశాయి.

మమతారాణి ఫోటో తీసి, గుట్ట నెత్తికెక్కి పేజీలో పెట్టింది. 'ముందు పెట్టింది మా తమ్ముడు తానుతో చేసిన తమాషా. చూడకుండా పెట్టాను, తప్పు నాదే. ఇది నేను దిగి చూసిన పాలధార' అని రాసింది.

మొదటి కామెంటు వెంటనే వచ్చింది. ఎవరో పెద్దమనిషి. 'మేడమ్, నేను ఫోటోగ్రఫీలో ఉన్నాను. మొదటి ఫోటోలోవి నిజమైన నీళ్లు. ఇది మాత్రం స్పష్టంగా బట్ట.'

మమతారాణి దాన్ని రెండుసార్లు చదివింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా నవ్వై బయటికొచ్చింది. కిందికి దిగి ఫోను తమ్ముడి చేతికిచ్చి, వీడియో తీయమంది. ముప్పైమందీ ధార కింద ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కొక్కరూ తమ పేరూ, ఇంటి పేరూ చెప్పి, "నేను తడిసిన!" అని అరిచారు. ఆ వీడియో గుట్టెక్కి పేజీలో చేరాక, ఆ పెద్దమనిషి ఫోటోగ్రఫీలో ఉన్నట్టు ఇంకెక్కడా చెప్పుకోలేదు. 'మళ్లీ బస్సు ఎప్పుడు?' అని కరీంనగర్ నుంచి, కాగజ్‌నగర్ నుంచి అడిగేవాళ్లతో పేజీ నిండిపోయింది.

పొద్దు వాలుతోంది. బస్సు డ్రైవరు హారను కొడుతున్నాడు. బాలలక్ష్మి తడి కొంగు పిండుకుంటూ, మడుగు అవతల మబ్బు కమ్మిన ఇంకో గుట్టను చూపించింది.

"బిడ్డా, గా గుట్ట అవతల ఏమున్నది?"

"తెల్వదవ్వా" అంది మమతారాణి. "నేను చూడలే."

"మరి నడువుండ్రి, చూద్దాం. గా డ్రైవరును గుడ పిలువుండ్రి, ఊకె కొట్టుకుంటుండు."

ముప్పై తడి చీరలు వాగు దాటి బయలుదేరాయి.