స్టీరింగ్ మీద పగులు

"అద్దం మీద నీ వేళ్ళ గుర్తులు పడ్డాయి చూడు," అన్నాడు భర్త. ఆమె ఆ అద్దాన్ని తుడిచి ఇంకా చేతిలో గుడ్డ కూడా దించలేదు. ఆదివారాలు ఆమెకు డ్యూటీ ఉండదు కాబట్టి కారు కడగడం ఆమె వంతు. మామగారు కుర్రతనంలో కొన్న నల్ల కారు అది. వీధిలో వెళ్తుంటే ఇప్పటికీ జనం ఆగి చూస్తారు. తండ్రో కొడుకో నడుపుతారు. పెళ్ళికి ముందే లైసెన్సు తీసుకున్న ఆమె ఓసారి తాళం అడిగితే, "పాత బండి కదమ్మా, ఆడవాళ్ళ చేతికి లొంగదు," అన్నారు మామగారు. అన్నది ఏ పళ్ళతో? ఆమె చేసిన పళ్ళతోనే! ఆమె పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే చోట. ఆయన నోట్లోని రెండు వరసలూ ఆమె అరగదీసి, నునుపు చేసినవే. కోపం రావాల్సిన చోట ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వును కొంగుతో తుడుచుకుని వంటింట్లోకి పోయింది.

ఆ ఏటి ఎండలకు స్టీరింగ్ చక్రం నాలుగైదు చోట్ల పగిలింది. పట్టుకుంటే అరచెయ్యి గీరుకుపోతోంది. మెకానిక్ పెదవి విరిచాడు. ఆ చక్రం ఇప్పుడెక్కడా దొరకదన్నాడు.

"పోనీ, నేను చూడనా?" అంది.

"ఇదేమన్నా పుచ్చిపోయిన పన్నా, పూడ్చడానికి?" అన్నాడు భర్త.

అచ్చం అలాంటిదే. ఆ ఇంట్లో ఆమె పైకి అనని జవాబులు పోగేస్తే ఒక అటక నిండేది.

తండ్రీకొడుకులు బస్సులో పొరుగూరికి పెళ్ళికి వెళ్ళారు. అత్తగారు మోకాళ్ళ నొప్పులన్నారు. ఆమె సెలవు దొరకలేదంది కానీ, నిజానికి పెట్టేసింది. ఇన్నేళ్ళ సెలవులూ ఆడపడుచు పురుళ్ళకీ, మామగారి కంటి ఆపరేషన్‌కీ, వచ్చిపోయే చుట్టాలకీ కరిగిపోయాయి. తనకోసం తీసుకున్న మొదటి సెలవు ఇదే.

చిన్న ఆకురాయితో పగుళ్ళను ఇంకాస్త వెడల్పు చేస్తుంటే అత్తగారు లబోదిబోమన్నారు.

"బాగుచేస్తానని ఇంకా పగలగొడుతున్నావేమే!"

"పుచ్చంతా తీస్తేనే కదత్తయ్యా పైది నిలిచేది."

స్పిరిట్‌తో తుడిచింది. కలిపితే రాయిలా గట్టిపడే రెండు రకాల ముద్దలు పిసికి, పగుళ్ళలోకి బొటనవేలితో అదిమింది. ఆ మధ్యాహ్నం పొయ్యి వెలగలేదు. ఇద్దరూ కారు తలుపులు బార్లా తెరిచి, లోపల కూర్చుని అరటిపళ్ళు తిన్నారు. మర్నాడు గరుకు కాగితం తడిపి రుద్దింది. రుద్దేకొద్దీ వేలికి అతుకు తగలడం మానేసింది. కళ్ళు మూసుకుని చక్రం చుట్టూ వేలు తిప్పింది. పగులు ఎక్కడుండేదో తనకే తెలియలేదు. ఎవరెవరి నోళ్ళలోనో తన పనితనం ఉంది. ఆ పళ్ళు ఎవరు చేశారని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఈ పని మాత్రం ఇదిగో, తన రెండు చేతుల్లోనే ఉంది. నల్లరంగు పూస్తూ కూనిరాగం తీసింది. ఆ గొంతు తనదేనని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

రంగు ఆరాక అత్తగారు మామగారి బీరువాలోంచి కారు తాళం తెచ్చిచ్చారు. ఇంటికి తాళం వేసి ఇద్దరూ బయల్దేరారు. బండి రెండుసార్లు దగ్గి, ఆమె మాట విన్నది. మలుపు తిప్పితే చక్రం అరచేతుల్లో వెన్నలా జారింది. పక్క సీట్లో అత్తగారు చిన్నపిల్లలా అద్దం దింపి, జుట్టు ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా, కనిపించిన ప్రతివాళ్ళకీ చెయ్యూపారు.

ఊరంతా చుట్టి ఇంటి వీధిలోకి వచ్చేసరికి, రేపు రావలసిన తండ్రీకొడుకులు పెట్టెలతో గేటు ముందు నిలబడి ఉన్నారు. కారును చూసి ఇద్దరూ నోళ్ళు తెరిచారు.

ఆమె కాలు బ్రేకు మీదికి పోయింది. "ఇంటి తాళంచెవి మన దగ్గరే ఉంది కదత్తయ్యా."

"ఉంటే?" అన్నారు అత్తగారు, వాళ్ళకు కూడా చెయ్యూపుతూ. "ఆయన హారన్ కొడితే గేటు తియ్యడానికి నలభై ఏళ్ళు అక్కడ నిలబడ్డానే నేను. కాసేపు వాళ్ళు నిలబడితే ఏం? ఇంకో చుట్టు తిప్పు."