లిల్లీలకు తుమ్మే పిల్ల

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ అందట, పాలాయన మోసుకొచ్చాడు: పూలక్క పెంచిన పిల్ల, కాబోయే అత్తగారిని అప్పుడే "అమ్మా, అమ్మా" అంటోందట.

తను పనిచేసే పూలకొట్లో గులాబీ కాడల ముళ్లు గీస్తున్నా పూలక్కకు ఆ మాటే పదేపదే గుర్తొస్తోంది. ఆమె వేళ్ల కొసలు ఎంత తోమినా పోని పసుపురంగు. బూరల్లా విచ్చుకునే పెద్ద తెల్ల లిల్లీల పుప్పొడి అది. గిల్లి తీసేయకపోతే కొన్నవాళ్ల బట్టలకు మరకలవుతాయి.

అక్క పోతూ ఒళ్లో పెట్టి వెళ్లిన పిల్లకు ఆ పుప్పొడి పడదు. ఒకటే తుమ్ములు, కళ్లు చింతనిప్పులు. అందుకే పూలక్క కొట్టు చీరతో ఏనాడూ గడప తొక్కలేదు. వణికించే చలిలోనూ పెరట్లో నీళ్లు కుమ్మరించుకుని, చీర మార్చుకునే లోపలికి వెళ్లేది. పిల్లకు మాటలు వచ్చే రోజుల్లో "అమ్మా" అంటే, "అమ్మ కాదు, పిన్నిని" అని దిద్దేది. అక్క చోటు కాజేసిందని నలుగురూ అంటారేమోనని భయం.

మధ్యాహ్నం పెళ్లిపూలు ఎంచడానికి పిల్లా, కాబోయే అత్తగారూ కొట్టుకు వచ్చారు. అత్తగారు కొట్టంతా కలియజూసి లిల్లీల ముందు ఆగింది.

"ఇవే పెడదాం వదినగారూ. హాలంతా తెల్లగా వెలిగిపోతుంది. ఏమంటావమ్మాయ్?"

పూలక్క కాడలు గీయడం ఆపింది. ఇప్పుడు పిల్ల వద్దంటుంది, ఆవిడ మొహం మాడిపోతుంది, చూడాలి.

"మీ ఇష్టమే అమ్మా" అంది పిల్ల, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

"దానికి పడవండీ!" పూలక్క గొంతు తనకే కీచుగా వినిపించింది. "చిన్నప్పట్నుంచీ అంతే. మీకు చెప్పలేదా?"

"అయ్యో, చెప్పవేంటే తల్లీ! అయితే వద్దులే."

"ఉండనివ్వండమ్మా. పుప్పొడి తీసేస్తే ఏమీ కాదు. మా పిన్ని తీస్తుంది."

అత్తగారు కొట్టు యజమానితో మాట్లాడటానికి అటు వెళ్లింది. పూలక్క ఒక లిల్లీని అందుకుని, గిల్లకుండానే మళ్లీ బకెట్లో గుచ్చేసింది.

"నేను తియ్యను. తీస్తే పువ్వు బోసిపోతుంది. మీ అమ్మగారికి నిండుగా ఉండాలిగా!"

పిల్ల గట్టిగా తుమ్మింది. తడిసిన రుమాలు బల్ల మీద, ముళ్ల పక్కన పడేసింది.

"చెప్పవే, ఆవిడ ఏం చేసిందని అమ్మయిపోయింది నీకు? నీకోసం చలిలో చన్నీళ్లు పోసుకుందా?"

పిల్ల ఎర్రబడ్డ కళ్లతో సూటిగా చూసింది.

"ఆవిడ అనమంది పిన్నీ. నువ్వు వద్దన్నావు."