పదకొండు పెట్టెలు, ఒక డిగ్రీ

నలభై నాలుగేళ్ళకు మళ్ళీ పరీక్ష రాస్తావని ఎవరన్నా చెప్పుంటే, పోవయ్యా పనిచూసుకో అనుందును. ముదలియార్‌పేటలో డాక్టర్ త్యాగరాజన్ క్లినిక్కులో ఇరవై రెండేళ్ళుగా చీటీలిచ్చేదాన్ని నేను, సెంగమలం. చదువు పన్నెండో క్లాసుతోనే ఆపేసినా. పెద్ద డాక్టరు వయసైపోయి ఇంట్లో కూర్చున్నాక, ఆయన కూతురు డాక్టర్ నివేదిత వచ్చింది. మొదటి వారమే నన్ను పిలిచి, "అక్కా, కొత్త బిల్డింగుకు మారతాం. మేనేజరు కావాల, డిగ్రీ ఉండాల. మూడేళ్ళలో మీరు చదివేస్తే ఆ కుర్చీ మీదే. లేకుంటే బయటినుంచి తెచ్చుకుంటా" అనింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. గౌనేసుకొని నా టేబులు కింద ఆడుకున్న పిల్ల, నాకు చెప్పేదా! ఆ రోషంతోనే చేరినా. హాస్పిటల్ మేనేజిమెంట్ డిగ్రీ, ఆదివారం క్లాసులు. పక్క బెంచీ పిల్లలు ఆంటీ ఆంటీ అని నా నోట్సే కాపీ కొట్టేవాళ్ళు.

క్లాసులో రికార్డుల పాఠం వస్తే చాలు, నా మనసు పాత క్లినిక్కుకు పోయేది. పదకొండు చెక్కపెట్టెలు, వీధికొకటి. ఇంటింటికీ ఒక కట్ట కార్డులు, దారంతో కట్టి. పేరు ఎవరిక్కావాల? చేపల అంగడి పక్కిల్లు అంటే చాలు, తాతనుంచి చంటిపిల్లదాకా చేతికొచ్చేస్తారు. పదకొండింటికి కాఫీ వస్తే పెద్ద డాక్టరు సగం నాకు పోసి, "తాగి తర్వాత పిలువు, ఎవరూ పారిపోరు" అనేవాడు. ఎంత బాగుండేదో ఆ కాలం! ఇప్పుడు తల్చుకున్నా కడుపు నిండినట్టుంటుంది.

చివరి ఏడాది ప్రాజెక్టు చేయాల. ఆ కార్డులన్నీ కంప్యూటరుకు ఎక్కించడమే నా ప్రాజెక్టు. పుస్తకంలో చెప్పినట్టే చేసినా. ఇనీషియలు, పేరు, ఫోను నెంబరు, మూడూ కలిస్తే పాత మనిషి, కలవకుంటే కొత్త మనిషి. ఇంటికట్టలు విప్పేసినా. నాలుగు నెలలు కళ్ళు పోయేటట్టు టైపు కొట్టినా. పని కాగానే కార్డుల్ని మేట్టుపాళయం ఫ్యాక్టరీకి పంపించి మిషన్లో పొడి చేయించేసినారు.

ఒక సోమవారం ఫైళ్ళు పట్టుకొని నర్సు గది ముందర పోతావుంటే, మా వీధి చంద్రక్క కూతురు మీనా కనపడింది. మొదటి కాన్పుకు పుట్టింటికొచ్చింది, జ్వరం, గొంతునొప్పి. చెయ్యి చాపి కూర్చోనుంది. నర్సు చేతిలో పెన్సిలిన్ సూది.

"ఆపు పాపా!" అని నేనరిచిన అరుపుకు ఫైళ్ళన్నీ కిందపడినాయి.

ఏడేళ్ళప్పుడు ఇదే మందుకు మీనా మొహం గుమ్మడికాయంత ఊదింది. ఊపిరాడలేదు. పెద్ద డాక్టరు చీటీలన్నీ ఆపేసి, ఆ బిడ్డ చెయ్యి పట్టుకొని మూడుగంటలు కదలలేదు. కార్డు మీద ఎర్రసిరాతో 'పడదు' అని నా చేతనే రాయించినాడు.

కంప్యూటరులో చూస్తే ఏమీ లేదు, ఖాళీ. ఎందుకుంటుంది? మా ఊళ్ళో ఇంటిపేరు రాయరు కదా, ఆడపిల్లకు పెళ్ళి ముందు నాన్న ఇనీషియలు, తర్వాత మొగుడిది. ఆదికేశవన్ కూతురు ఏ. మీనా, గురు పెళ్ళాం జి. మీనా అయింది. ఫోను కూడా మారింది. అంటే కంప్యూటరుకు కొత్త మనిషి! ఆ 'పడదు' పాత ఏ. మీనా పేరు కిందనే ఉండిపోయింది. నా ఇనీషియలు కూడా మారిందే, నాకెందుకు తోచలేదు? నా చేతుల్తో నేనే ఆ బిడ్డను రెండు ముక్కలు చేసినా.

ఊళ్ళో పెళ్ళయిన ఆడోళ్ళందర్నీ వెతికి, ఒక్కొక్కరి పాత రికార్డునూ కొత్తదాంతో కలిపినా. ఆ తప్పును ప్రాజెక్టులో ఒక పేజీ రాసినా. క్లినిక్కు తరపున సంతకం పెట్టాల్సిన నివేదిత చదివి మొహం మాడ్చుకొనింది. "ఇది తీసేయండక్కా. ఏమీ కాలేదు కదా. ఎగ్జామినరు చూస్తే ఫెయిల్ చేస్తాడు, ఆ కుర్చీ కూడా పోతుంది."

"ఆ పొద్దు నేను లీవు పెట్టలేదు కాబట్టి ఏమీ కాలేదు. తీయను. సంతకం పెడితే పెట్టు, లేకుంటే పో" అన్నా. డాక్టరమ్మ అని కూడా చూడలేదు. పెన్ను తీసి సంతకం పెట్టింది.

వైవా రోజు ఎగ్జామినరు వేల్మురుగన్ సారు సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగినాడు.

"తప్పు చేసింది మీరే, పట్టింది మీరే. అంతా మీ తలకాయలోనే ఉండాదే, మీకింక చదువెందుకమ్మా?" అని నవ్వినాడు.

"సారూ, మా పెద్ద డాక్టరుకు నాకంటే ఎక్కువ జ్ఞాపకముండేది. మొన్న పళ్ళు తీసుకొని చూసేకి పోతే, నువ్వెవరమ్మా అన్నాడు. ఇరవై రెండేళ్ళు పక్కనుండినదాన్ని, నన్నే! రేపు నాకూ అట్లే అవుతుంది. నేను మరిచిపోయినాక కూడా మీనాకు ఎవరూ ఆ సూది వేయకూడదు. దానికే సారూ చదివేది."

ఆయన నవ్వు ఆపేసినాడు. మార్కులేసి, లేచి నిలబడి పంపించినాడు.

పాసైనా. కుర్చీ నాదే అయింది. వైవా అయిన ఆ పొద్దు మాత్రం కాలేజీ మెట్లమీద కూర్చొని, నన్ను మరిచిపోయిన ఆ ముసలాయన కోసం వెక్కివెక్కి ఏడ్చినా.