మల్లిని నడిపించిన రోజు

నానిన ఉలవల్ని గంపలోకి వంచి నీళ్లు ఓడనిచ్చేసరికి వ్యాసర్పాడి రైలు యార్డులో ఇంజను కూత వేసింది. తెల్లవారుతోంది. కస్తూరి గంపను తుంటికి ఆనించుకుని లాయంలోకి నడిచింది. రేకుల కప్పు కింద వరసగా ఆరు అరలు. ఉలవల వాసన తగిలిందంటే ఆరు తలలూ అడ్డకర్రల మీదుగా బయటికి వచ్చేస్తాయి. ఆ రోజు ఐదే వచ్చాయి.

చివరి అరలో మల్లి గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ముందుకాలితో నేలను గీరుతోంది. ఆగి, మెడ తిప్పి తన డొక్కవైపు చూసుకుంటోంది. మళ్లీ గీరుతోంది. నిన్న సాయంత్రం వేసిన గడ్డి కట్ట విప్పింది విప్పినట్టే ఉంది. కస్తూరి గంప దించి నేలంతా వెదికింది. రాత్రంతా గుర్రం ఒక్క లద్దె కూడా వేయలేదు.

అడ్డకర్ర కింద నుంచి దూరి లోపలికి వెళ్లి మల్లి కడుపుకు చెవి ఆనించింది. బాగున్న గుర్రం కడుపు ఎప్పుడూ గుడగుడమంటూనే ఉంటుంది. ఇప్పుడు ఏమీ లేదు. చెమటతో తడిసిన వెంట్రుకలు మాత్రం ఆమె చెంపకు అంటుకున్నాయి.

లాయానికి ఆనుకుని వాళ్లు ఉండేది ఒక్కటే గది. తలుపు తీస్తే ఎదురుగా ఆవరణ, ఆవరణకు అటువైపు గుర్రాలు. తలుపు దగ్గరే మంచం మీద ఆమె భర్త వెంకటాచలం పడుకుని ఉన్నాడు. ఆయన కళ్లు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి.

"మామా, మల్లి మేత ముట్టలా. లద్దె వేయలా. కడుపులో సద్దే లేదు."

వెంకటాచలం ఎడమచేతి చూపుడువేలిని గాలిలో గుండ్రంగా తిప్పాడు. నడిపించమని.

"నీకు జావ పట్టించి నడిపిస్తా."

ఆయన వేలు ఆగలేదు. ఇంకా వేగంగా తిరిగింది.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడిపక్కంతా పడిపోయింది. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది, 'సరి'. ఆకలికీ అదే, నొప్పికీ అదే, కోపానికీ అదే. ఏ సరి దేనికో కస్తూరికి తెలుసు. ఆయన తాత కాళహస్తి వైపు నుంచి జట్కా తోలుకుంటూ పట్నం వచ్చాడు. తండ్రి సెంట్రల్ స్టేషను ముందు జట్కా కట్టాడు. జట్కాలు పోయాక, ఊళ్లో గుర్రాలు పెట్టుకుని కట్టేసుకునే చోటు లేనివాళ్ల కోసం వెంకటాచలం ఈ లాయం పెట్టాడు. గుర్రాలు వాళ్లవి, మేత, కడుగుడు, నాడాలు, రోగమొస్తే సేవ వీళ్లవి. బీచిలో పిల్లల్ని ఎక్కించుకు తిరిగే గుర్రాలు రెండు, పెళ్లి ఊరేగింపుల తెల్లగుర్రం ఒకటి, పందేలకు పనికిరాకుండా పోయిన ముసలివి మూడు.

పొన్నేరి పక్క పల్లె నుంచి పందొమ్మిదేళ్లకు కాపురానికి వచ్చినప్పుడు కస్తూరికి బర్రెలు తప్ప ఏమీ తెలియవు. గుర్రం తల ఆడిస్తే చాలు, వెళ్లి గది మూలన నక్కేది. వెంకటాచలం ఆమెను చూసి ఎప్పుడూ నవ్వలేదు. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకెళ్లి ఒక ముసలి గుర్రం పొట్టకు ఆనించి, "చెవి పెట్టి విను. ఇది నీకేం చేస్తుంది? అదేపనిగా అరిగించుకుంటా ఉండాది, అంతే" అన్నాడు. ఇప్పుడు ఆమెకు యాభైమూడు. కుడి మణికట్టు మీద పాత కాటు మచ్చ, అరచేతుల్లో పగ్గం ఒరుసుకుని కట్టిన కాయలు. ఆయన పడిపోయాక లాయం మూసేస్తుందనే అందరూ అనుకున్నారు. ఆమె కూడా ఒక వారం అలాగే అనుకుంది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజున ఆయన ముఖం పక్కకు తిప్పి గుర్రాల కోసం చూడటం గమనించాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయన పడింది మల్లి కాలి దగ్గరే. డెక్క చెక్కుతూ, దాని వెనకకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడు. కస్తూరి అరుపు విని వచ్చేసరికి మల్లి ఆ కాలు దించకుండా మూడు కాళ్ల మీద నిలబడి వణుకుతోంది. ఆయన్ని పక్కకు లాగిన తరువాతే దించింది.

కస్తూరి పగ్గం వేసి మల్లిని ఆవరణలోకి తెచ్చింది. నడిపిస్తూనే పశువుల డాక్టరు ప్రేమ్‌నాథ్‌కు ఫోన్ చేసింది. కుర్రవాడైనా చెయ్యి మంచిది.

"ఎన్నూరులో ఉండానమ్మా, ఆవు ఈనతా ఉంది. రోడ్డంతా లారీలు. పది అయిపోతుంది. పడుకోనియ్యొద్దు, దొర్లనియ్యొద్దు. మేతా వద్దు."

"సరి నాయనా. బిరీన రా."

ఆవరణ చుట్టూ ఒక చుట్టుకు అరవై అడుగులు. నీళ్ల తొట్టి, వేపమొక్క, గడ్డి కొట్టు, తమ తలుపు. తలుపు ముందుకు వచ్చినప్పుడల్లా వెంకటాచలం ఎడమచెయ్యి మంచం పట్టె మీద నుంచి నాలుగు వేళ్లంత లేచేది. మల్లి మధ్యమధ్యలో మోకాళ్లు వంచి పడుకోబోతుంటే కస్తూరి పగ్గాన్ని గట్టిగా లాగి భుజంతో దాన్ని తోసేది. "లెయ్యి తల్లీ. నువ్వు పడుకుంటే నేను లేపలేను."

ఏడు గంటలకు మల్లిని తలుపు కొయ్యకు కట్టి జావ కలిపింది. వారం నుంచి వెంకటాచలానికి జ్వరం, దగ్గు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడు. మొన్న ఆసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకెళ్లి ఆయనకు ఏది ఇష్టమో అది పెట్టమన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆమె మళ్లీ అడగలేదు.

చెంచా నోటి దగ్గర పెడితే ఎడమచేత్తో తోసేశాడు. గుర్రాన్ని చూపించాడు.

"నాకు తెల్దా? నువ్వు రెండు చెంచాలు మింగితే నేను పోతా. మింగకపోతే ఈడే కూర్చుంటా. ఏం చేస్తావో చెయ్యి."

ఆమెను కోపంగా చూశాడు. నోరు తెరిచాడు. రెండు చెంచాలే. మూడోదానికి పళ్లు బిగించాడు. ఆమె పైట చెంగుతో ఆయన గడ్డం తుడిచింది. అప్పుడు ఆయన తన చెవి ముట్టుకుని మల్లివైపు వేలు చాపాడు.

కాసేపటికి ఆమెకు అర్థమైంది. మల్లిని పక్కగా తిప్పి, డొక్క లోపలికి వచ్చేలా గుమ్మంలో నిలబెట్టింది. ఆయన మెడ కింద చెయ్యి వేసి ఎత్తి, తల దాని కడుపుకు చేర్చింది. నొప్పితో కాళ్లు మార్చుకుంటున్న మల్లి ఒక్కసారిగా కుదురుగా నిలబడింది. వెంకటాచలం కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అటువైపు తిప్పమని వేలు ఊపాడు. తిప్పింది. మళ్లీ విన్నాడు. ఆయన తల బరువుకు ఆమె మోచెయ్యి తిమ్మిరెక్కింది.

"సరి," అన్నాడు చివరికి. ఎడమపక్క చూపించి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఆవగింజంత సందు పెట్టాడు.

"కొంచం ఉండాదా? అంటే బతుకుతుందా మామా?"

ఆయన వేలు గుండ్రంగా తిప్పాడు. నడిపించు.

తొమ్మిదింటికి కూతురు రంజని రాయపురం నుంచి ఫోన్ చేసింది. చేపలు ప్యాక్ చేసే కంపెనీలో పని, మాటల వెనక మిషన్ల మోత. "అమ్మా, నాన్న ఎప్పడి ఇరుక్కారు?" అని అరవంలో ఎలా ఉన్నాడో అడిగి తెలుగులోకి వచ్చింది. "ఇంక నీవల్ల కాదు. ఎవరి గుర్రాలను వాళ్లకాడికి పంపించేయి. నాన్నను మా ఇంటికి తెచ్చేయి. ఒక రూమ్ ఇస్తా."

"మీ రూములో కిటికీ తెరిస్తే ఏం కనబడుతుందే?"

"పక్కింటి గోడ."

"ఆయన ఈడ ఉంటేనే బాగుంటాడమ్మీ. ఈ పొద్దు మల్లికి బాగలేదు. షిఫ్ట్ అయినాక నువ్వే రా."

ప్రేమ్‌నాథ్ పదిన్నరకు వచ్చాడు. చొక్కా నిండా ఎన్నూరు బొగ్గుధూళి. స్టెతస్కోపు పెట్టి రెండు పక్కలా విన్నాడు. "కుడిపక్క ఏమీ లేదు. ఎడమపక్క మాత్రం కొంచం కదులుతా ఉంది."

"ఆయన పొద్దున్నే చెప్పినాడు," అంది కస్తూరి.

డాక్టరు మంచంవైపు చూసి చేతులు జోడించాడు. నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చాడు. ముక్కులో నుంచి పొడుగాటి గొట్టం వేసి నూనెలాంటి మందు కడుపులోకి పోశాడు. "ఇసక, అమ్మా. బీచిలో ఇసకతో కలిసిన గడ్డి తిని ఉంటుంది. జనాలు మొక్కజొన్న కండెలు కూడా పెడతారు గదా. అన్నీ పోయి అడ్డంగా కూర్చున్నాయి. సాయంత్రంలోగా లద్దె పడితే గెలిచినట్టే. పడకపోతే..." సంచి సర్దుకుంటూ గొంతు తగ్గించి, "ఆయన ఊపిరి కూడా బాగలేదమ్మా," అన్నాడు.

"తెలుసు నాయనా. ఇంట్లోనే పెట్టుకోమన్నారు."

మధ్యాహ్నానికి మల్లి యజమాని సుబ్బన్ బీచి నుంచి పరుగెత్తుకొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, గుర్రాన్ని చూడగానే తొట్టి పక్కన చతికిలబడి ఏడ్చాడు. "నా బిడ్డల మాదిరి అక్కా అది. నిన్న ఆదివారం, జనం ఎక్కువ. నేను చూసుకోలా. నాదే తప్పు."

"ఏడ్చేది తరవాత. మిగతా అయిదింటికీ నీళ్లు పెట్టు. పొద్దుట్నించీ తాగలా పావం."

"నేను నడిపిస్తా, నువ్వు కూర్చో అక్కా."

కస్తూరి పగ్గం ఇవ్వబోయి ఆగింది. మల్లి ఆమె భుజం మీద గడ్డం ఆనించి నడవడానికి అలవాటుపడింది. పైగా తలుపు ముందుకు వచ్చిన ప్రతిసారీ లేచే ఆ చెయ్యి. "నీళ్లు పెట్టు పో," అంది.

ఎండ రేకుల మీద నుంచి దిగి ఆవరణ సగం దాకా వచ్చింది. ఆమె మడమల్లో మంట పుట్టింది. రెండు గంటలకొకసారి మల్లిని సుబ్బన్‌కు అప్పగించి వెంకటాచలాన్ని ఇటువైపు నుంచి అటువైపుకు తిప్పింది, వీపు తుడిచింది, తడిగుడ్డతో పెదవులు తడిపింది. రెండోసారి తిప్పినప్పుడు ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పాత కాటు మచ్చ మీద బొటనవేలితో రెండు మూడుసార్లు రాశాడు. గుర్రం కరిచి ఆ మచ్చ పడిన రోజున ఆమె పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకుంది. ఆయన ఆపలేదు. స్టేషను దాకా పెట్టె మోసుకొచ్చి, బండి వచ్చేదాకా పక్కనే కూర్చుని, "ఆదివారం వచ్చి పిలుచుకొస్తా" అన్నాడు. బండి వచ్చింది, వెళ్లింది. ఆమె ఎక్కలేదు. ఇద్దరూ పెట్టెను చెరోవైపు పట్టుకుని ఇంటికి నడిచి వచ్చారు.

"ఏంది, అది గుర్తొచ్చిందా?" అంది.

"సరి," అన్నాడు. మెత్తగా, గాలి మాత్రమే వచ్చినట్టుగా.

"మల్లి బయట ఎదురుచూస్తా ఉండాది. పోయి వస్తా మామా."

ఆయన మణికట్టు వదిలి వేలు గుండ్రంగా సగం తిప్పాడు.

నాలుగు కావస్తుండగా ఒక చుట్టులో ఆయన చెయ్యి లేవలేదు. ఛాతీ మీద పెట్టుకుని, తల ఆవరణవైపు వాల్చి ఉన్నాడు. రెప్పలు సగం దిగాయి. వారం నుంచి దగ్గుతో నిద్రలేదు, ఇప్పటికి పట్టింది అనుకుంది కస్తూరి. తరువాతి చుట్టు నుంచి తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా అడుగులు తేలిగ్గా వేసింది. మల్లి నాడాల చప్పుడు గచ్చు మీద పడకుండా మట్టి మీదుగా తిప్పింది.

అట్లా ఆరో ఏడో చుట్టు. తొట్టి దగ్గర మల్లి ఉన్నట్టుండి ఆగింది. తోక ఎత్తింది. ముందు పెద్దగా గాలి, ఆ తరువాత ఇసుక మెరుస్తున్న ముద్దలు తప్‌తప్‌మని నేల మీద పడ్డాయి.

"వేసేసింది! అక్కా, వేసేసింది!" సుబ్బన్ గంతేశాడు. నేల మీద మోకరించి ఆ లద్దెను రెండు చేతుల్లోకీ ఎత్తుకున్నాడు.

"గమ్మున ఉండు! మామ నిద్రపోతా ఉండాడు," అంది కస్తూరి. అని తనే నవ్వింది. ముఖం మల్లి మెడలో దాచుకుని, ఒళ్లంతా ఊగిపోయేలా చప్పుడు లేకుండా నవ్వింది. చెవి ఆనించి వింది. లోపల ఎక్కడో వాగు కదిలినట్టు గుడగుడ.

నిద్ర లేపైనా ఈ మాట చెప్పాలి. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"మామా, నువ్వు చెప్పినట్టే. ఎడమపక్క నుంచే కదిలినట్టుండాది. ఎంత ఇసకనుకుంటివి, శేరు ఉంటుంది. సుబ్బన్ దాన్ని చేత్తో ఎత్తుకున్నాడు చూడు, బిడ్డను ఎత్తుకున్నట్టు..."

చెబుతూనే ఆయన చెయ్యి చేతిలోకి తీసుకుంది. వెచ్చగానే ఉంది. ఎండుటాకుల చప్పుడు మాత్రం లేదు. ఆమె మాట ఆపి వింది. వంగి ఆయన ఛాతీకి చెవి ఆనించి, ఒక పక్క, తరువాత రెండో పక్క, చాలాసేపు వింది.

సుబ్బన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మల్లికి గోరువెచ్చటి నీళ్లు పెట్టు," అంది కస్తూరి తల ఎత్తకుండా. "కొంచం కొంచంగా. ఒకేసారి తాగనియ్యొద్దు."

రంజని ఆరింటికి వచ్చింది. చేతులకు ఇంకా మంచు, చేపల వాసన. తండ్రి కాళ్ల మీద పడి అరవంలోనే ఏడ్చింది. ఆ సాయంత్రం పెళ్లికి వెళ్లాల్సిన తెల్లగుర్రం కోసం వచ్చిన మనిషి, సంగతి తెలిసి చెప్పులు విడిచి చేతులు కట్టుకుని వెనక్కు తిరగబోయాడు. కస్తూరి ఆపింది. "ఆడ పెళ్లికొడుకు కాచుకుని ఉంటాడు. తీసుకుపో నాయనా." తనే వెళ్లి గుర్రం జూలు దువ్వి, కళ్లెం బిగువు సరిచూసి పంపింది.

మరునాడు పది గంటలకు మగవాళ్లు ఆయన్ని మోసుకెళ్లారు. రంజని, వీధిలోని ఆడవాళ్లూ మంచం బయటికి ఈడ్చి తొట్టి పక్కన నిలబెట్టి నీళ్లు పోశారు. గది కడిగారు. కస్తూరి ఆరింటికీ గడ్డి వేసి, మల్లి నమలడం మొదలుపెట్టేదాకా దాని దగ్గరే నిలబడి, అప్పుడు లోపలికి వచ్చింది.

ఖాళీ అయిన చోట నాలుగు ఇటుక దొంతరలు మిగిలి ఉన్నాయి. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున, పడుకున్న మనిషికి గడప తప్ప ఇంకేమీ కనబడటం లేదని, రైలు గోడ పక్కన ఇటుకలు ఏరుకొచ్చి ఒక్కో మంచంకోడు కిందా మూడేసి పేర్చింది ఆమే.

"తీసేద్దామా అమ్మా?" రంజని అడిగింది.

"ఉండనీ."

కడిగిన నేల ఆరుతోంది. ఇటుకలు ఇంకా తడిగా ఉన్నాయి. తలుపు వైపున్న ఒక దొంతరలో పై ఇటుక మీద, రెండేళ్లపాటు మంచంకోడు ఆనిన చోట, అరచేతి మధ్యలో ఉండేంత నున్నటి గుంట పడి, దానిలో కాసిని నీళ్లు నిలిచి ఉన్నాయి.